గుండీల డబ్బా అడుగున

విశ్వవిద్యాలయం, గణాంక శాఖ, మూడో అంతస్తు
మంగళవారం

అన్నయ్యకు,

ఇరవై ఆరేళ్ళుగా ఒక ప్రశ్న మోస్తున్నాను. ఎవరినీ అడగలేదు. అమ్మ కవరులో ఉండేది అమ్మ మాటేనా, లేక నాన్న మాటా?

నీ ఉత్తరం నిన్న వచ్చింది. మొదటి వాక్యంలో గొంతులో గడ్డ అనీ, రెండో వాక్యంలో మందిరం పైకప్పు కారుతోందనీ రాయగల మనిషివి నువ్వొక్కడివే. మూడుసార్లు చదివాక నాకు అర్థమైంది ఇది, తప్పుంటే దిద్దు. ఆపరేషన్ చేస్తే స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ఇక నీకు మాట ఉండదు, బతికే ఆశ మాత్రం నాలుగింట మూడు వంతులు. రేడియేషన్ ఇస్తే మాట మిగులుతుంది, ఆశ సగానికి సగం. ఏ సంగతీ నెలలోపల చెప్పమన్నాడు డాక్టరు. ఆదివారం ఆదివారం నిలబడి వాక్యం చెప్పడం తప్ప ఇరవై ఎనిమిదేళ్ళుగా వేరే పని ఎరగని పాస్టరువి నువ్వు. ఈ విషయంలో దేవుని చిత్తం ఏమిటో తెలుసుకోవాలంటున్నావు, రెండో కవరు నన్ను రాయమంటున్నావు.

నాన్న పద్ధతి నాకు గుర్తు లేకపోవడమేమిటి! ఇంట్లో పెద్ద నిర్ణయం ఏదొచ్చినా అమ్మా నాన్నా మూడు ఆదివారాలు విడివిడిగా ప్రార్థించేవాళ్ళు. ఆ సంగతి ఒకరితో ఒకరు ఒక్క ముక్క మాట్లాడకూడదు. మూడో ఆదివారం ఆరాధన అయ్యాక, నాన్న తన పోస్టాఫీసు నుంచి తెచ్చిన గోధుమరంగు కవర్లలో చెరొక కాగితం పెట్టి అతికించేవాళ్ళు. భోజనాల బల్ల దగ్గర నాన్నే రెండూ విప్పేవాడు. "ఇద్దరికీ ఒకటే మాట. దేవుడు చెప్పాడు" అనేవాడు. కాగితాలు మాత్రం మన కంటపడనిచ్చేవాడు కాదు.

నాకు ఊహ తెలిశాక ఇలా పందొమ్మిదిసార్లు జరిగింది. పందొమ్మిదిసార్లూ కలిసింది. అవునా కాదా అని ఇద్దరు విడివిడిగా రాస్తే, అన్నిసార్లూ ఊరికే కలిసిపోవడానికి ఉన్న అవకాశం ఐదు లక్షల పైచిలుకులో ఒక్కటి. కాబట్టి దేవుడైనా మాట్లాడి ఉండాలి, అమ్మ అయినా నాన్న ముఖం చూసి రాసి ఉండాలి. అమ్మను చూసినదాన్ని కాబట్టి నాకు రెండోదే నమ్మబుద్ధి అవుతుంది. ఆ పందొమ్మిదిలో ఒకటి నన్ను విశ్వవిద్యాలయానికి పంపాలా వద్దా అన్నది. ఇవాళ ఈ కుర్చీలో కూర్చున్నానంటే ఆ రెండు కాగితాల వల్లే. అందుకే అడగడానికి భయపడ్డాను.

నాన్న బిస్కెట్ల డబ్బాలో ఆ కాగితాలన్నీ దాచాడు, డబ్బా నీ దగ్గరే ఉంది. విప్పి చూసి నిజం చెప్పు. అప్పుడు రాస్తాను రెండో కవరు.

నీ చెల్లెలు

*

మందిరం వెనక ఇల్లు, వంటగది బల్ల
గురువారం

లెక్కలమ్మకు,

నా ప్రాణం మీదికొస్తే నువ్వు షరతులు పెడుతున్నావు. చిన్నప్పుడు నా సైకిలు తుడవడానికి కూడా ఇలాగే బేరమాడేదానివి, మారలేదు, సంతోషం.

డాక్టరు నన్ను గుసగుసగా కూడా మాట్లాడొద్దన్నాడు. ఇంట్లో పలక మీద రాస్తున్నాను. మీ వదిన అది చదవకుండానే జవాబు చెప్పేస్తుంది, ఎక్కువసార్లు సరిగ్గానే చెబుతుంది. కుట్టుమిషను దగ్గర నుంచి తల కూడా ఎత్తదు. ఫోనులో టైపు చేస్తే నువ్వు ఒక్క ముక్కలో తేల్చేస్తావు, అందుకే ఉత్తరాలు.

దేవుని చిత్తం ఎలా తెలుస్తుందని పెళ్ళి కావలసినవాళ్ళూ, ఉద్యోగం మారేవాళ్ళూ నన్ను అడుగుతూనే ఉంటారు. ఆకాశం నుంచి నాకు ఏనాడూ పిలుపు వినపడలేదు, ఆ మాట వాళ్ళకు ముందే చెప్పేస్తాను. వాక్యం చదువుతాను. నా ఇష్టం ఏమిటో తీసి ఎదురుగా పెట్టుకుంటాను. దాచుకున్నానంటే అదే దేవుని గొంతు పెట్టుకుని మాట్లాడుతుంది, ఎన్నిసార్లు మోసపోయానో! ఆ తరువాత నా మేలు కోరే మనిషిని ఒకరిని అడుగుతాను. నేనన్న ప్రతిదానికీ తలూపే మనిషి పనికిరాదు. సంఘంలో చూస్తే నాకు ఎదురు చెప్పేవాళ్ళే లేరు. అందుకే నువ్వు. నువ్వు సందేహపడతావు, పైగా ఆ సందేహం పైకే అంటావు. ఇందులో ఆ గుణం నాకు కావాలి.

మీ వదినను అడగలేదేమని నువ్వు అడుగుతావు. తను అసలే భయపడి ఉంది. ఈ బరువు కూడా తన మీద వేయడం ఇష్టం లేదు.

నా ఇష్టం ఏమిటో నీకు చెప్పను, పద్ధతి ఒప్పదు. చెప్పకపోయినా నీకు తెలుసు.

డబ్బా చూశాను. మీ వదిన దాన్ని గుండీల డబ్బా చేసుకుంది. గుండీలన్నీ బల్ల మీద కుమ్మరిస్తే అడుగున కాగితాలు ఉన్నాయి. అందులో ఏముందో మూడో ఆదివారం అయ్యాక చెబుతాను. ఇప్పుడే చెబితే నీ కాగితం మీద దాని నీడ పడుతుంది. నామీద నమ్మకం ఉంటే మొదలుపెట్టు, ఈ ఆదివారమే మొదటిది. కాగితం రాసి అతికించి నాకు పంపు, నేను విప్పను. మీ వదిన చూస్తూ ఉండగా రెండూ ఒకేసారి విప్పుతాను.

నీ అన్నయ్య

*

నా ఇల్లు, కిటికీ పక్కన
రెండో ఆదివారం, మధ్యాహ్నం

అన్నయ్యకు,

మొదలుపెట్టాను. ప్రార్థన ఎలా చేస్తున్నానో చెప్పొచ్చు, ఏం రాశానో చెప్పకూడదు, అంతేగా?

అయితే విను. మొదటి ఆదివారం ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే కాగితం రాసి కవరులో పెట్టి అతికించేశాను. ఒక్క మాట ప్రార్థన లేదు. నాకు తెలిసిన అంకెలు చాలనుకున్నాను. దాన్ని పుస్తకాల మధ్య పెట్టి, ఇక పదిహేను రోజులు నిశ్చింతగా ఉండొచ్చనుకున్నాను. ఉండనిస్తేగా. పరీక్ష హాల్లో మూడు గంటలు పిల్లల మధ్య అటూ ఇటూ నడుస్తుంటే, కాపీ కొట్టినవాళ్ళను పట్టుకోవలసింది నేనా, వాళ్ళు నన్నా అనిపించింది.

ఇవాళ మందిరంలో నా పక్కన ఎప్పుడూ కూర్చునే పెద్దావిడ, బస్సు కండక్టరుగా రిటైరైనావిడ, పాట మధ్యలో మోచేత్తో పొడిచింది.

"ఏమ్మా, పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నావు?"

"మా అన్నయ్య కోసం ప్రార్థిస్తున్నానండి. జవాబు రావడం లేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"వారం అయింది."

"వారానికేనా! మా ఆయన సిగరెట్లు మానాలని నేను పదకొండేళ్ళు చేశాను."

"మానారా?"

"మానాడు, డాక్టరు తిట్టిపోశాక. ఆ డాక్టర్ని దేవుడే పంపాడంటాను నేను. ఆయనేమో పొద్దున్నే లైన్లో నిలబడి టోకెను తీసుకున్నది తనే అంటాడు."

వెనక వరుస నుంచి ఎవరో "ష్" అన్నారు. ఆవిడ వెనక్కి తిరిగి "దిగాల్సిన స్టాపు రాలేదు, కూర్చో" అంది. ఆరాధనలో అంత నవ్వు ఆపుకున్న రోజు ఇంకోటి లేదు.

ఇంటికొచ్చి, అమ్మను సమాధి చేసిన రోజు నువ్వు చెప్పిన మాటలు ఫోనులో ఉంటే పెట్టుకుని విన్నాను. ఏడు నిమిషాలు. మధ్యలో నీ గొంతు ఒకచోట ఆగుతుంది. అందరూ ఏడుపనుకున్నారు, నువ్వు అమ్మ నవ్వు గుర్తొచ్చి నవ్వు ఆపుకున్నావని నాకొక్కదానికే తెలుసు. అది రెండోసారి విని, మోకరించి, లేచి మొదటి కవరు చింపేశాను. ఇంతకంటే చెప్పకూడదు.

వచ్చే వారం కొత్తది పంపుతాను. నీ మింగుడు ఎలా ఉంది? అది మాత్రం నిజం రాయి.

నీ చెల్లెలు

*

వంటగది బల్ల
సోమవారం

లెక్కలమ్మా,

మింగుడు కష్టంగా ఉంది. మెత్తగా చేసి పెడుతోంది మీ వదిన. నీ కవరు శనివారమే అందింది. నిన్న ఆరాధన అయ్యాక రెండూ విప్పాను.

నీది: "వద్దు. నీ గొంతు నీకు ఉండనీ."

నాది: "చేయించుకోవాలి."

ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చదివాను. మీ వదిన లేచి వెళ్ళి మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ తొక్కుడు వింటేనే తెలిసిపోయింది కోపమని.

నిన్ను మోసం చేయలేను, విను. నా కాగితంలో ఉన్నది ప్రార్థనలో తెలిసింది కాదు. నా మనసంతా రేడియేషన్ వైపే ఉంది. మాట లేని నేను ఎవరినో నాకే తెలియదు. కానీ నువ్వు తప్పకుండా ఆపరేషన్ అంటావనుకున్నాను. అంకెలు చూశాక నువ్వు ఇంకొకటి అంటావని కలలో కూడా అనుకోలేదు. నీ మాటకు ముందే తలవంచుదామని అలా రాశాను. తలవంచడం కూడా విధేయతే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

డాక్టరు గడువు శుక్రవారం. ఇప్పుడేం చేద్దాం?

నీ అన్నయ్య

*

గణాంక శాఖ
బుధవారం

అన్నయ్యా,

ఏం చేద్దామని నన్ను అడుగుతున్నావా? నేను మొదట రాసి చింపిన కాగితంలో ఉన్నది "చేయించుకో" అనే. తరువాత నీ గొంతు విని, దాన్ని నీ నుంచి లాక్కునే హక్కు నాకెక్కడిదనిపించింది. నీకు ఏది ఇష్టమో తెలుసుగా, అదే రాశాను. అదే ప్రార్థన అనుకున్నాను. కన్నీళ్ళు కూడా వచ్చాయి కాబట్టి దేవుడే అనుకున్నాను.

చూడు మన ఘనకార్యం. మూడు ఆదివారాలు మోకాళ్ళ మీద ఉండి, నువ్వు నా జవాబు రాశావు, నేను నీ జవాబు రాశాను. నువ్వు నా మాట వినాలంటే ఆపరేషన్ వద్దు. నేను నీ మాట వినాలంటే కావాలి. ఇది ఏ లెక్కకూ లొంగదు.

నీమీద కోపంగా ఉంది. నామీద ఇంకా ఎక్కువగా ఉంది. నాకు నువ్వు బతకాలి. ఇదిగో, ఇప్పుడు చెప్పాను, కవరు లేకుండా.

డబ్బాలో ఏముందో నువ్వు ఇంకా చెప్పలేదు.

చెల్లెలు

*

కుట్టుమిషను దగ్గర
శుక్రవారం

ఆడపడుచు గారికి,

మీ వదిన రాస్తున్నాను. నాకు ఉత్తరాలు రాయడం అలవాటు లేదు, తప్పులుంటే మీ విద్యార్థులవి దిద్దినట్టు దిద్దకండి.

ఆపరేషన్ వచ్చే సోమవారం. ఇవాళ పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళి తేదీ ఖాయం చేసుకుని వచ్చాం. మీ అన్నయ్య పలక మీద "నేను ఇంకా" అని మొదలుపెట్టారు. పలక తీసుకుని తుడిచేశాను.

మీ ఉత్తరాలన్నీ చదివాను, దాచలేదు ఎవరూ. సంఘంలో తనకు ఎదురు చెప్పేవాళ్ళు లేరని మీకు రాశారట. ముప్పై ఏళ్ళ నుంచి ఈ ఇంట్లో నేను చేస్తున్న పని ఏమిటో మరి! నేను భయపడ్డానని కూడా రాశారు. భయపడ్డాను, ఎందుకు భయపడను? భయపడ్డ మనిషితో దేవుడు మాట్లాడడని ఎవరు చెప్పారు మీ ఇద్దరికీ? ఆయన మాట పోతే రోజంతా ఆ నిశ్శబ్దంలో ఉండేది నేను. ఆయనే పోతే ఇంకా పెద్ద నిశ్శబ్దంలో ఉండేదీ నేనే. మూడు ఆదివారాలు నేనూ ప్రార్థించాను, కవరు ఎవరూ ఇవ్వలేదు గానీ. మీరు ఒకరి కోసం ఒకరు కుట్టారు, బాగుంది. వేసుకునే మనిషిని నిలబెట్టకుండా కొలతలు ఊహించుకుని కుట్టారు. అలా కుట్టిన బట్ట నా దగ్గరికి వస్తే మొత్తం విప్పేస్తాను.

నిన్న ఆయన ఎదురుగా కూర్చుని అడిగాను. "మాట కోసం చచ్చిపోమని దేవుడు అడుగుతున్నాడా, మీరు అడుగుతున్నారా?" పలక దగ్గరికి లాక్కుని, ఉన్నదంతా తుడిచారు. తరువాత రాశారు, "నేను." ఆ అక్షరాలు రాశాక ఆయన ముఖం తేటపడింది. అది నేను చూశాను, మీరు చూడలేదు, అందుకే చెబుతున్నాను.

ఇంకొకటి. ఆ డబ్బాలో నా గుండీలు వేసుకునేటప్పుడే, పెళ్ళైన పదో ఏడు, కాగితాలన్నీ చదివాను. పందొమ్మిది జతల్లో నాలుగు కలవలేదు. అత్తయ్య గారు ఎర్ర సిరాతో రాసేవారు, బడి పిల్లల నోటుబుక్కులు దిద్దే కలంతో. మామయ్య గారివి నీలం సిరా. కలవని నాలుగుసార్లూ మామయ్య గారు మీ అమ్మగారి కాగితం చదివి, ఇద్దరిదీ ఒకటే మాట అని మీతో చెప్పారు. ఆమె అన్నట్టే చేశారు. అందులో ఒకటి మీ చదువు. నీలం కాగితంలో "వద్దు, దూరం" అని ఉంది. ఎర్ర కాగితంలో "వెళ్ళాలి" అని ఉంది, కింద రెండు గీతలు కొట్టి. రెండూ దీనితో పంపుతున్నాను, మీవి కాబట్టి.

మీ అన్నయ్య ఇది మీకు చెప్పకుండా దాచుకుని, తను కూడా నాన్నలా ఒదిగిపోదామని ఆ కాగితం రాశారు. మామయ్య గారు ఒదిగింది ఎదురుగా ఉన్న మనిషికి. ఈయన ఊహలో ఉన్న మీకు ఒదిగారు. తేడా నాకు తెలిసింది, చదువుకున్నవాళ్ళకు ఎందుకు తెలియలేదో.

సోమవారానికి రండి. స్వెట్టరు తెచ్చుకోండి, ఆసుపత్రి వరండాలో గాలి కొడుతుంది.

మీ వదిన

*

ఆసుపత్రి, పదకొండో నంబరు మంచం
ఆదివారం

చెల్లీ,

నువ్వు వెళ్ళి నాలుగు రోజులే అయినా చేయి ఊరుకోవడం లేదు. అక్షరాలు వంకరగా ఉన్నాయి, నర్సు చూసి "డాక్టరు గారి చీటీలా ఉంది" అంది.

గడ్డ అంచులు శుభ్రంగా ఉన్నాయన్నారు, అంటే లోపల జబ్బు మిగల్లేదని. మెడలో రంధ్రం లోంచి ఊపిరి పీలుస్తున్నాను. దగ్గితే ఈల వేసినట్టుంటుంది. పక్క మంచం ఆయన మొదటి రోజు ఉలిక్కిపడ్డాడు, ఇప్పుడు తాళం వేస్తున్నాడు.

నువ్వు అడగబోయేది నాకు తెలుసు. విచారం ఉంది. పొద్దున లేవగానే ప్రార్థించబోయి నోరు తెరుస్తాను, ఏమీ రాదు. మొదటి రోజు భయమేసింది. రెండో రోజు, నేను మాట్లాడుతున్నంతసేపూ ఎంత తక్కువ విన్నానో తెలిసింది. ఇది ప్రసంగంలా ఉంటే క్షమించు, పాత జబ్బు, దాన్ని తీసేయలేదు వాళ్ళు.

సంఘ పెద్దలు వచ్చి, కొత్త పాస్టరును వెతకాలా అని మొహమాటపడుతూ అడిగారు. మీ వదిన "ఆయన రాస్తారు, నేను చదువుతాను. మీకు నచ్చకపోతే అప్పుడు వెతకండి" అంది. వాళ్ళలో ఒక్కరూ ఎదురు చెప్పలేదు.

నాన్న కాగితాలు నీకు చెప్పకుండా దాచినందుకు తప్పు నాదే.

అన్నయ్య

*

గణాంక శాఖ
రెండు నెలల తరువాత, గురువారం

అన్నయ్యకు (వదిన కూడా చదవాలి),

మొన్న ఆదివారం మీ మందిరంలో చివరి బెంచీ మీద కూర్చుని విన్నది ఇంకా చెవుల్లో ఉంది. నువ్వు పక్కన కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నావు. వదిన కళ్ళజోడు సర్దుకుని నీ కాగితాలు చదివింది. మూడో పేజీ దగ్గర ఆగి, "ఇక్కడ ఈయన చెప్పిందే మళ్ళీ చెప్పారు, వదిలేస్తున్నాను" అంది. జనం నవ్వారు. నీ భుజాలు కదిలాయి, మెడ దగ్గర ఈల వినపడింది. అమ్మను సమాధి చేసిన రోజు ఆగిన ఆ నవ్వే.

అమ్మ ఎర్ర కాగితం నా బల్ల సొరుగులో ఉంది. ఇరవై ఆరేళ్ళు తప్పు మనిషిని అనుమానించాను. ఒదిగింది అమ్మ కాదు. అది నాకు దుఃఖం కాదు, ధైర్యం. రెండు గీతలు కొట్టిన ఆ మాట చూసుకుని ఇప్పుడు తరగతికి వెళుతున్నాను.

దేవుడు మనుషులకు తన మనసు తెలియజేస్తాడని ఇంతకుముందు కంటే గట్టిగానే నమ్ముతున్నాను. ఆ మాట పక్కనున్న మనిషి నోట రావచ్చనీ, మనం అడగకుండా దాటిపోయిన మనిషి నోట మరీ వస్తుందనీ కూడా నమ్ముతున్నాను. ఇంతవరకు సరే.

కానీ ఒకటి నన్ను వదలడం లేదు. నేను మొదటి కవరు చింపకుండా అలాగే పంపి ఉంటే, దానిలో "చేయించుకో" అని ఉండేది. నీ దానిలోనూ అదే. రెండూ కలిసేవి. ఇద్దరికీ ఒకటే మాట, దేవుడు చెప్పాడు అని నువ్వు రాసేవాడివి, నేను నమ్మేదాన్ని. ఒకటేమో ప్రార్థనే లేకుండా రాసింది, ఇంకొకటి నన్ను మెప్పించడానికి రాసింది. అయినా ఆ మాటే సరైనది, నువ్వు బతికి ఉన్నావు. మరి అప్పుడు చెప్పింది దేవుడయ్యేవాడా? నేను చింపింది పశ్చాత్తాపంతోనే, నిజంగా మోకరించాకే. ఆ ప్రార్థన తరువాత రాసిందే తప్పయింది. ఆయన నన్ను చింపనిచ్చింది వదిన నోరు విప్పడానికా, లేక నేను నా కన్నీళ్ళను ఆయన మాట అనుకున్నానా?

ఆ పెద్దావిడను అడిగాను. "టోకెను ఎవరు తీసుకున్నా మనిషి లోపలికి వెళ్ళాడు కదమ్మా" అంది. నాకు అది చాలడం లేదు. రెండు నెలలుగా అటూ ఇటూ వేసి చూశాను, అన్నయ్యా. తేలలేదు. నాకు తెలియదు.

నీ చెల్లెలు